పటం మీద షరతు

కరోనాకు రెండేళ్ల ముందు నాకు తమిళనాడులోని కోవిల్‌పట్టిలో నోటరీగా నియామకం వచ్చింది. అప్పటికి వకీలుగా ముప్పై ఏళ్లు పనిచేశాను. సంతకం పెట్టేవాళ్లు విషయం తెలిసి, ఇష్టంతోనే పెడుతున్నారని నిర్ధారించుకుని ముద్ర వేయడం నోటరీ పని.

ఆ ఏడే పుదూరు రైతు గురుస్వామి, విరుదునగర్‌లో మరమగ్గాల షెడ్డు నడిపే రంగనాయకి, పెళ్లికి ముందు ఒప్పందం రాయించుకోవడానికి వచ్చారు. అతను విడాకులు తీసుకున్నవాడు. ఆమె భర్త చనిపోయాడు. మన చట్టంలో ఇలాంటి ఒప్పందానికి ప్రత్యేకమైన చోటు లేదు. అయినా ఎవరి ఆస్తి ఎవరిదో రాసి ఉంటే, తగాదా వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికిరావచ్చు. మగ్గాలు ఆమెవి, పొలం అతనిది అని రెండు షరతులు రాశాను. మూడోది గురుస్వామి చెప్పాడు: షెడ్డులో ఉన్న మొదటి భర్త పటం పెళ్లినాటికి తీసేయాలి, మళ్లీ పెట్టకూడదు.

రంగనాయకి నా వైపు తిరిగింది. "ఆయన పోయి ఆరేండ్లాయె సారు. నాకి మగ్గం పని నేర్పించిందే ఆయన. చచ్చినోని మీద ఈయనకి ఏమిటికి ఇంత మంట?"

"నేను లోపలికి పోతే ఆ పటం నన్నే చూస్తా ఉండాది సారు," అన్నాడు గురుస్వామి తల వంచుకుని.

అలాంటి షరతును కోర్టు అమలు చేయదని అక్కడే చెప్పాల్సింది. చెప్పకుండా రాశాను. నా భార్యకు మొదట అనుకున్న మేనబావ కళుగుమలైలో ఉండేవాడు. అతను బతికున్నంత కాలం ఆ ఊరి గుడి తేరు ఉత్సవానికి నేను ఆమెను పంపలేదు. అందుకే గురుస్వామి అడిగింది నాకు న్యాయంగానే తోచింది.

రంగనాయకి కాగితం చదివి, పెన్ను కింద పెట్టింది. "అక్కకాడ కూడా ఇట్లనే రాయించుకుంటిరా సారు?" అని అడిగింది. అక్క అంటే నా భార్య. ఆమె లేచి వెళ్లిపోయింది.

వారం తర్వాత గురుస్వామి ఒక్కడే వచ్చి మూడో షరతు కొట్టేయమన్నాడు. మంట ఆరిందా అని అడిగాను.

"ఆరలే సారు. మంట నాది గదా, దానికి ఆమెకాడ సంతకం ఏమిటికి?"

కొత్త ప్రతిలో ఇద్దరూ సంతకం చేశారు, ముద్ర వేశాను. ఆ నెలలోనే పెళ్లయింది.

ఆస్తి గురించిన ఒప్పందాలు రాసుకోవడం మంచిదేనని ఇప్పటికీ అంటాను. ఆస్తికి సంబంధం లేని షరతును మాత్రం ఆ తర్వాత ఎవరికీ రాయలేదు. వచ్చినవాళ్ల కోరిక సబబుగా తోచిన రోజునే చట్టాన్ని రెండోసారి చదవాలని, అలా ఎందుకు తోచిందో నన్ను నేను అడగాలని నేర్చుకున్నాను. నాలోనూ అదే మంట ఉందన్న ఆ జవాబు నా భార్యకు చెప్పడానికి మరో ఏడాది పట్టింది.