మామ దగ్గర గ్రైండర్ చదువు

నాకు బెల్ట్ గ్రైండర్ నేర్పింది మా మామ. నేర్పాడు అనడం మర్యాద కోసం. నిజానికి ఆయన తిట్టాడు, ఆ తిట్ల మధ్యలోంచి పని ఏదో నేనే ఏరుకున్నాను. నాకూ నోరు తక్కువేం కాదు. మేమిద్దరం దుకాణంలో ఉంటే పక్కనున్న టీ కొట్టాయన పాటలు ఆపేసి మమ్మల్నే వినేవాడు.

చేవెళ్లలో రోడ్డు వారనే మా కమ్మరి దుకాణం. ముందు షట్టర్, వెనక రేకుల కింద కొలిమి. మామ, అంటే మా ఆయన తండ్రి, నలభై ఏళ్లకు పైగా అక్కడే పనిచేశాడు. లారీ కమాన్ పట్టీల ముక్కలు కాల్చి, సాగగొట్టి, కొడవళ్లు, పూలతోటల వాళ్లకు చిన్న కత్తులు, మటన్ దుకాణాలకు పెద్ద కత్తులు చేసేవాడు. ఈ మధ్య కనకమామిడి వైపు ఫామ్‌హౌస్‌ల వాళ్లు కూడా కార్లు ఆపి ‘చెఫ్ నైఫ్ ఉందా’ అని అడగడం మొదలుపెట్టారు. మామ వాళ్లకు మటన్ కత్తినే కాస్త చిన్నదిగా చేసి ఇచ్చేవాడు. వాళ్లూ సంతోషంగానే పట్టుకెళ్లేవారు.

ఏడాది కిందట మామ కుడిచేయి వణకడం మొదలైంది. దవాఖానలో మందులిచ్చారు గానీ తగ్గుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. సుత్తి పనికి ఆ వణుకు పెద్దగా అడ్డం రాలేదు. కత్తిని అరగదీసి అంచుకు వాలు తెచ్చే దగ్గరే చిక్కు వచ్చింది. మా ఆయన చందనవెల్లిలో ఫ్యాక్టరీ ఉద్యోగి. తండ్రి అవస్థ చూడలేక ఒక బెల్ట్ గ్రైండర్ తెచ్చి పెట్టాడు. మిషన్ ఉంటే చేయి వణికినా పరవాలేదనుకున్నాడు పాపం. తీరా చూస్తే మిషన్ మీద వణుకు ఇంకా ఎక్కువ కనబడింది. మామ చేసిన మొదటి కత్తి అంచు అలలు అలలుగా వచ్చింది. ఆయన దాన్ని కాసేపు చూసి పాత ఇనుము కుప్పలోకి విసిరేశాడు.

ఆ రోజు అన్నం తింటూ అన్నాడు: “దసరా దాక చూస్త. గప్పటికి ఈ పని ఇంట్ల ఎవలికన్న వస్తె సరె. లేకుంటె షట్టర్ కిరాయికిచ్చి ఇంట్ల కూసుంట.”

మా ఆయన షిఫ్టుల మనిషి, ఆయన వల్ల కాదు. నేను ముందూ వెనకా చూడకుండా “నేను నేర్చుకుంట మామా” అనేశాను.

“నువ్వా? కూర కోస్తెనే వేలు తెగ్గోసుకుంటవు.”

“నేను వడ్లోళ్ల బిడ్డను. మా బాపు నాకు చిన్నప్పుడే కట్టె నున్నగ చేసే రంద పట్టుడు నేర్పిండు. ఏది వంకరనో ఏది సక్కననో నాకు ఎరుకే.”

అది పౌరుషానికి అన్న మాట. అసలు సంగతి వేరు. పొద్దున్నే స్నానం చేసి, టవల్ భుజాన వేసుకుని, పోవడానికి చోటు లేక టీవీ ముందు కూర్చున్న మామను ఊహించుకున్నాను. ఆయనంటే నాకు అంత ఇష్టమని అప్పటివరకు నాకే తెలియదు.

చూడటానికి అదేం భయపెట్టే మిషన్ కాదు. ఒక మోటారు, మూడు చక్రాలు, వాటి చుట్టూ మూడు వేళ్ల వెడల్పు గరుకు పట్టీ. స్విచ్చి వేస్తే పట్టీ పైనుంచి కిందికి పరుగెత్తుతుంది. కత్తిని దానికి ఆనించి, పిడి వైపు నుంచి మొన దాకా ఒకే ఒత్తిడితో, ఒకే వాలుతో లాగాలి. చెప్పడానికి ఇంతే. కొంగు దోపి, జడ ముడివేసి, చీర మీద మా ఆయన పాత చొక్కా తొడుక్కుని నేను నిలబడితే మామ ఎగాదిగా చూసి, “ఫ్యాక్టరీల డ్యూటీకి పోతున్నవా?” అన్నాడు.

నాకు తొందర ఎక్కువ. అన్నం ఉడికే దాకా కూడా ఆగలేక మూత తీసి చూసే రకం. కత్తి మొన దగ్గరికి వచ్చేసరికి నా చేయి ఉరికేది. మొనలన్నీ అరిగి గుండ్రంగా తయారయ్యేవి. “కత్తి చెయ్యమంటె గంటె చేసినవు. ఉప్మాకు పనికొస్తది తియ్యి” అనేవాడు మామ. పాత ఇనుము కుప్పలో నా గంటెలు రోజురోజుకూ పెరిగాయి.

ఒకరోజు ఆయనకు ఓపిక పోయింది. “మోచేతులు గాలిల లేస్తున్నయి. పిట్టవా ఏంది నువ్వు?” అంటూ తన టవల్ తీసి నా నడుం చుట్టూ తిప్పి, రెండు మోచేతులూ పక్కటెముకలకు అతుక్కునేలా కట్టేశాడు. గట్టిగా కాదు. చేయి ఎత్తితే ఊడిపోయేంత వదులుగానే కట్టాడు, కానీ ఊడదీయడానికి నాకు ధైర్యం చాలలేదు.

“ఇగ కదులు.”

“చేతులు కట్టేసి కదులమంటె ఎట్ల మామా?”

“చేతులు కాదు. నువ్వు కదులు.”

ఆ మాట నాకు చాలా రోజులు బోధపడలేదు. ఇంతలో బతుకమ్మ రోజులు వచ్చాయి. సాయంత్రం మా వాడ ఆడవాళ్లతో కలిసి ఆడుతున్నాను. పక్కకు అడుగు, కాస్త వంగడం, చప్పట్లు, మళ్లీ అడుగు. చిన్నప్పటి నుంచి ఆడుతున్న ఆటే. ఆ రోజు మాత్రం నా కాళ్ల మీద నా దృష్టి పడింది. బరువు ఎడమ కాలి మీది నుంచి కుడి కాలి మీదికి జారుతోంది, ఒళ్లంతా దాని వెంట పోతోంది, చేతులకు ప్రత్యేకంగా పనేం లేదు. ఆట మధ్యలో ఆగి నిలబడిపోతే వెనకామె నన్ను గుద్దుకుని తిట్టింది.

మర్నాడు పొద్దున దుకాణంలో ఎవరికీ చెప్పకుండా అలాగే చేశాను. మోచేతులు బిగించి, ఎడమ కాలి నుంచి కుడి కాలికి ఒక్క అడుగు ఊగాను. కత్తి దానంతటదే పట్టీ మీద నడిచింది. గీత పిడి నుంచి మొన దాకా తిన్నగా వచ్చింది. మామ కళ్లద్దాలు పైకి నెట్టి, దాని మీద గోరు నడిపి చూశాడు.

“ఏం జేసినవు?”

“బతుకమ్మ ఆడిన మామా.”

ఆయన నన్ను కాసేపు అనుమానంగా చూశాడు. తర్వాత నవ్వు మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. “అయితె నలభై ఏండ్ల సంది నేను ఆడేది గదేనా!” అన్నాడు. అప్పటి నుంచి నా గీత వంకరపోయినప్పుడల్లా “పాట తప్పినవు” అనేవాడు. తిట్లలో అది కాస్త మెత్తటి తిట్టు.

వేడి సంగతి వేరే చదువు. పట్టీకి ఆనిన ఇనుము క్షణాల్లో కాలిపోతుంది. గట్టిపరిచిన కత్తి అంచు నీలం రంగుకు తిరిగిందంటే మెత్తబడిపోయినట్టే, మళ్లీ కొలిమికి పోవాల్సిందే. అందుకని రెండుసార్లు లాగితే ఒకసారి బకెట్ నీళ్లలో ముంచాలి, ముంచిన ప్రతిసారీ గుడ్డతో తుడవాలి. చేతికి తొడుగులు వేసుకుంటానంటే మామ ఒప్పుకోలేదు. “వేలికి తెల్వకుంటె, కంటికి తెల్సేసరికి కత్తి పానం పోతది” అన్నాడు. నా బొటనవేళ్లు బొబ్బలెక్కాయి. మామ మెడికల్ షాపుకు పోయి మందు తెచ్చి, నా చేతికి ఇవ్వకుండా మిషన్ పక్కన ఠక్కుమని పెట్టి వెళ్లిపోయాడు. మందు కూడా కోపంగా పెట్టగలిగిన మనిషిని నేను ఆయన్నొక్కడినే చూశాను.

దసరాకు మా దగ్గర మటన్ వండని ఇల్లు అరుదు. మొయినాబాద్‌లో మటన్ దుకాణం నడిపే ఆయన్ను అందరం మటన్ అన్న అంటాం, ఏళ్ల తరబడి మామ కత్తులే వాడుతున్నాడు. ఆయన వచ్చి, “పండుగ పొద్దున కొత్త కత్తితోనే కొయ్యాలె బాపు” అని చెప్పిపోయాడు. మామ తల ఊపాడు, ఎవరు చేస్తారో మాత్రం చెప్పలేదు. కత్తిని సాగగొట్టి, గట్టిపరిచి తెచ్చి నా ముందు పెట్టాడు.

“గిది నీది.”

“పాడైతె?”

“పాడైతె దుకాణం అయిపాయె. షట్టర్‌కు తాళమే.”

మూడు రోజులు ఆ కత్తి మీదే ఉన్నాను. ఆటల్లో చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి ఒక్క చివరి లాగుడు మిగిలింది. ఆట వేళయిందని దాన్ని అలాగే వదిలి వెళ్లిపోయాను.

మర్నాడు నవమి. ఆ రోజు పనిముట్లకు పూజ. బొట్టు పెట్టిన పనిముట్టును మళ్లీ పండగ అయ్యేదాకా ముట్టకూడదు, అది వాటి సెలవు. మామ పూజ నాకు అప్పగించి పూలకు, గుమ్మడికాయకు మార్కెట్‌కు పోయాడు. సుత్తులు, పటకార్లు, దెబ్బలు తినే దాగలి, అన్నీ కడిగి పసుపు రాసి బొట్లు పెట్టాను. గ్రైండర్‌కు మా ఇంట్లో మొదటి దసరా కదా అని కాస్త ఎక్కువే చేశాను. చక్రాలకు పసుపునీళ్లు, పట్టీ మీద వరసగా బొట్లు, దాని దిమ్మె మీదే కొబ్బరికాయ కొట్టాను. నీళ్లు పట్టీ నిండా చిందాయి. మిషన్ ముద్దొచ్చింది నాకు.

అప్పుడు కత్తి గుర్తొచ్చింది. సాయంత్రం మటన్ అన్న వస్తాడు. మామ వచ్చేలోపు ఒక్క లాగుడు, దేవుడు కూడా చూడడు అనుకుని స్విచ్చి వేశాను.

సగం లాగానో లేదో పట్టీ టపాకాయలా పేలి తెగింది. కత్తిని నా చేతిలోంచి కొట్టి మిషన్ చట్రం మీద పడేసింది. వేళ్లు దక్కాయి. కత్తి అంచున మాత్రం నూకంత గంటు పడింది.

మామ వచ్చేసరికి నేను నేల మీద కూర్చుని ఉన్నాను. ఏం దాచకుండా కత్తి చూపించాను. ఆయన తిట్టలేదు. దానికి నాకు ఏడుపొచ్చింది.

“పూజ చేసిన మిషన్ నడిపిన మామా. గందుకే గిట్లయింది.”

“దేవునికేం పని లేదా, వచ్చి నీ బెల్టు తెంపనీకి? పట్టి అతుకు గమ్ముతోని ఉంటది. కొబ్బరినీళ్లు తాపితె ఊడదా?”

ఇంకో పట్టీ లేదు. అమ్మే దుకాణం సిటీలో, పండగకు మూసేశారు. మామ చుట్టూ చూశాడు. ఎక్కడ చూసినా నా బొట్లే.

“అన్నిటికి పెట్టినవా?”

“అన్నిటికి.”

ఆయన వెనక్కి పోయి, నీళ్ల డ్రమ్ము సందులోంచి పిలిచాడు. అక్కడ దుమ్ము పట్టి పాత సానరాయి పడి ఉంది. గ్రైండర్ వచ్చాక దాని ముఖం ఎవరూ చూడలేదు.

“దీనికి?”

“లేదు మామా. మర్చిపోయిన.”

“మంచిగ మర్చిపోయినవు. ఇది సెలవుల లేదు. పట్టు.”

జీవితంలో నవమి నాడు పని ముట్టని మనిషి, ఆ రాయిని నేల మీద పెట్టి రెండు పాదాలతో అదిమి పట్టాడు. “కాళ్లు వణకయి నాయి. నువ్వు రుద్దు” అన్నాడు. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా రుద్దాను. ఆయన నీళ్లు చల్లుతూ కూర్చున్నాడు. మధ్యమధ్య కత్తిని చెక్క మీద పెట్టించి, చేత్తో ఎత్తకుండా, తానే తల వంచి దాని మీదికి ఒంగి చూసేవాడు. “గంటు ఇంక ఉన్నది” అనేవాడు. నా భుజాలు నావి కాకుండా పోయాయి. ఎన్నోసారో ఒంగి చూసి, “లేదు” అన్నాడు. సాయంత్రం మటన్ అన్న వచ్చి కత్తిని కాగితంలో చుట్టుకుని పోయాడు. నాకు అన్నం సహించలేదు.

దసరా పొద్దున ఎప్పుడూ మటన్ తెచ్చేది మా ఆయన. ఆ రోజు మామే సంచి పట్టుకుని నాతో “నడువు” అన్నాడు. ఆటోలో మొయినాబాద్ పోయాం. లైను రోడ్డు దాకా ఉంది. మామ చూపు మటన్ మీద లేదు. మెడ చాచి కత్తినే చూస్తున్నాడు, నేనూ అంతే. మా వంతు వచ్చింది.

“బాపూ, ఏం కత్తి చేసినవే! పొద్దుగాల్ల సంది ఒక్కసారి గూడ సాన పట్టలే. నీ చెయ్యికి తిరుగులేదు పో” అన్నాడు మటన్ అన్న.

మామ ఊ కొడితే చాలనుకున్నాను. ఇన్నేళ్ల పేరు, ఆయనకే ఉండనీ అని నిజంగానే అనుకున్నాను.

“నా చెయ్యి అయిపోయిందిరా. ఏడాది సంది వణుకుతున్నది” అన్నాడు మామ, లైను చివరి వాళ్లకు కూడా వినబడేలా. “గిది మా కోడలు చేసింది. దుకాణం ఎటు పోదు. ఇగ నుంచి కత్తి కావాల్నంటె బిడ్డనడుగు.”

ఇంట్లో ఆయన తన చేయి సంగతి ఒక్కనాడూ తిన్నగా ఒప్పుకోలేదు. చలి అనేవాడు, చాయ్ ఎక్కువైంది అనేవాడు. మటన్ అన్న కత్తిని చూసి, నన్ను చూసి, “ఎన్ని కిలోలు కొట్టాలె చెల్లె?” అన్నాడు. నేను ఇంకా కత్తినే చూస్తున్నాను.

“రెండు కిలోలు” అని మామే చెప్పాడు. “ముక్కలు సమంగ కొయ్యి. కత్తి మంచిగనే ఉన్నది గద.”

నేను కొంగుతో ముఖం తుడుచుకుని సంచి తెరిచి పట్టుకున్నాను.