జూలీ పన్ను

పొద్దున్నే వాకిట్లో కూర్చుని కుక్కకు పళ్ళు తోముతుంటే దారిన పోయేవాళ్ళు ఒక నిమిషం ఆగి, నవ్వుకుని పోతుంటారు. ఈరోజు ఎదురింటామె చెంబు పట్టుకునే నిలబడిపోయి, "ఏమప్పా, ఆ చేత్తోనే మా ఇంటాయనకు గూడా రోంత తోమకూడదా?" అంది. వేలికి తొడుక్కున్న రబ్బరు బ్రష్ తీయకుండానే నవ్వాను. మన పేస్టు కుక్కలకు పనికిరాదు, వాటికి వేరే ఉంది. అది కోడికూర వాసన వేస్తుంది. జూలీ నోరు తెరిచేది దానికోసమే గాని, నామీద గౌరవంతో కాదు.

ఈ పని నాకు నేర్పింది మా మేనమామ. ఎర్రగుంట్లలో ఏళ్ళ తరబడి సిమెంటు లారీ నడిపి, నడుము పట్టేశాక ఇంటిపట్టున ఉండిపోయిన మనిషి. మామకు మాటలు తక్కువ. అత్త ఆ లోటు ఏరోజుకారోజు పూడ్చేసేది. జూలీ ఆమె పెంచిన కుక్క. సంగటి ముద్దలో మాంసం పులుసు కలిపి, మా విస్తళ్ళలోని ఎముకలన్నీ ఏరి దానికే వేసేది. "కొరికితే పండ్లు గట్టిపడతాయి" అనేది. ఆ వీధిలో అందరి నమ్మకమూ అదే. నాదీ అదే.

అత్త పోయింది. దివసాలనాడు ఆమెకు ఇష్టమైనవన్నీ వండి, ఫొటో ముందు పెట్టి దండం పెట్టుకున్నాక, మామ మంచి మూలిగ ఎముక ఒకటి ఏరి జూలీ ముందు వేశాడు. అది వాసన చూసి, నోట కరుచుకుని, వెంటనే వదిలేసింది. పోయి, అత్త మధ్యాహ్నాలు నడుం వాల్చే నాపబండ మీద మూతి ఆనించి పడుకుంది. షామియానా కింద ఉన్నవాళ్ళందరికీ కళ్ళు చెమర్చాయి. "నోరులేని జీవి. మనుషులకన్నా మేలు" అని ఒకాయన, అత్త కోసం ఏడవని బంధువుల వైపు చూస్తూ అన్నాడు. ఆనాటి నుంచి జూలీ సరిగా తినలేదు. అది ముట్టకపోతే మామ కూడా తన పళ్ళెం పక్కకు జరిపేవాడు. నేను వెళ్ళినప్పుడల్లా ఇద్దరూ ఇంకాస్త చిక్కిపోయి కనబడేవాళ్ళు. ఇలాగే సాగితే ఆ ఇంట్లో మళ్ళీ దివసాలు చేయాల్సి వస్తుందేమోనని భయమేసింది.

ఒకరోజు జూలీని దగ్గరికి తీసుకుంటే నోరు కంపు కొట్టింది. చొంగ కారుతోంది, ఒక పక్క దవడ ఉబ్బింది. ఆస్పత్రికి పోదామంటే మామకు కోపం వచ్చింది. "అది మీయత్త కోసం ఏడుస్తాండాదిరా. దాని పన్ను పీకిస్తావా?" అన్నాడు. ఎట్లాగో బతిమాలి ప్రొద్దుటూరులో పశువుల డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరినీ తీసుకుపోయాను. ఆమె జూలీ పెదవి పైకెత్తి మాకు చూపించింది. వెనక పన్ను నిలువునా పగిలి, చిగుళ్ళకు చీము పట్టింది. "బొమికలు కొరికి పగిలిండాది. శానా నాళ్ళ నుంచి ఓర్చుకుంటాండాది పాపం" అంది. మత్తు ఇచ్చి ఆ పన్ను తీసేసి, మిగతా పళ్ళకు పట్టిన గార గీకింది. ఇక ఎముకలు వేయొద్దనీ, రోజూ పళ్ళు తోమమనీ చెప్పింది.

పుండు కాస్త మానాక మెత్తగా పిసికిన పెరుగన్నం పెడితే జూలీ గిన్నె అడుగు దాకా నాకేసింది. సంతోషం పట్టలేక మామ వైపు చూశాను. ఆయన గోడకు ఆనుకుని కూలబడి ఉన్నాడు.

"అయితే మీయత్త కోసం ఏడ్చింది నేనొక్కణ్ణేనా, అల్లుడా?" అన్నాడు.

నేను ఖాళీ గిన్నె తీసి కడిగి పెట్టాను. కాసేపటికి ఆయనే లేచి, "నాకూ రోంత పెట్టు" అని పళ్ళెం తెచ్చుకున్నాడు. మర్నాటి నుంచి దానికి పళ్ళు తోమడం ఆయన పనే అయింది. తోముతున్నంతసేపూ అత్త ముచ్చట్లు దానికి చెప్పేవాడు. ఆ మనిషిలో అన్ని మాటలు ఉన్నాయని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

పోయిన ఏడాది మామ కూడా పోయాడు. దివసాలనాడు జూలీకి పెరుగన్నం కలిపి పెట్టాను. వాసన చూసి, ముట్టకుండా అదే నాపబండ మీదికి పోయి పడుకుంది. చుట్టాలు ఏదో అనబోతుంటే ఆగమన్నాను. ముందు పోయి దాని పెదవి ఎత్తి చూశాను. ఒక్కొక్క పన్నూ వేలితో తడిమాను. మామ తోమిన పళ్ళు. అన్నీ చక్కగా ఉన్నాయి.

ఆ సంగతి మామకు చెప్పాలనిపించి, దాని పక్కనే బండమీద కూర్చుండిపోయాను. కాలం ఎప్పుడూ ఇంతే, జవాబు తెచ్చేసరికి అడిగిన మనిషి ఉండడు.