కొస కిందికా, మొదలు కిందికా?

జెద్దాలో స్ట్రక్చరల్ ఇంజనీరుగా చేరిన కొత్తలో, పడవల రేవు కింద నేలలోకి దిగగొట్టే కర్ర పైల్స్ డ్రాయింగ్ నాకిచ్చారు. దుంగకి మొదలు లావు, కొస సన్నం కదా. లావు వైపే బరువు మోస్తుందని మొదలు కిందికి గీశాను. నా పేరుతో వెళ్లే మొదటి డ్రాయింగ్ కావడంతో ఆ రోజు కాళ్లు నేలమీద నిలవలేదు.

మర్నాడు సైటులో, జగిత్యాల నుంచి వచ్చిన ఫోర్‌మన్ రాజన్న ఆ కాగితాన్ని తిరగేసి పట్టుకున్నాడు.

"తలకిందులుగా పట్టుకున్నావు రాజన్నా," అన్నాను.

"లేదు మేడమ్, గిట్లనే సక్కగుంది. గుంజ పాతేటప్పుడు దొడ్డు దిక్కు కిందికి పెడ్తరా?"

సన్నటి కొస కిందికుంటేనే దుంగ నేలలోకి సులువుగా దిగుతుందని అప్పుడు తట్టింది. ఆ మధ్యాహ్నమే దుంగలకి ఆర్డర్ వెళ్లాలి. పక్కనే ఉన్న ఈజిప్టు మేనేజర్‌కి తెలుగు రాదు.

"ఏమంటున్నాడు?" అని ఇంగ్లీషులో అడిగాడాయన.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ, "నేను పైల్స్ తలకిందులుగా గీశానంటున్నాడు. నిజమే," అనేశాను.

ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు చూసి రాజన్న, రాజన్నను చూసి నేనూ ఆగలేకపోయాం. అక్కడే కూర్చుని, కొస కిందికుండాలనీ, కొస దగ్గర వ్యాసం ఇంతనీ స్పష్టంగా రాసిచ్చాను.

ఇప్పటికీ ఏ డ్రాయింగైనా, దాన్ని కట్టేవాళ్లకి చూపించాకే సంతకం పెడతాను.