నాలుగు పత్తికట్టెల నడుమ

నేను పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్‌ని. మహబూబాబాద్‌లో చిన్న స్టూడియో ఉంది. ముహూర్తాలు లేని రోజుల్లో కెమెరా భుజానేసుకొని పిట్టల వెంట పడతాను. ఇంట్లోవాళ్లు దీన్ని పిచ్చి అంటారు, నేనూ కాదనను. పెళ్లికొడుకునైతే జర ఇటు చూడమని గదమాయించవచ్చు. పిట్ట దగ్గర మన మాట చెల్లదు. నేల మీద బోర్లా పడుకొని, దాని కంటి ఎత్తుకు లెన్సు దించి, అది మనల్ని మరిచిపోయేదాకా కదలకుండా ఉండాలి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ పిట్ట ముందు మాత్రం ఎంతసేపైనా పడి ఉండగలను. ఆ ఓపిక చూసుకొని మురిసిపోయేవాణ్ణి. ఆ ఓపికే ఒక పిట్ట కొంప ముంచింది.

రెండేళ్ల కింద, ఎండలు ముదిరిన రోజుల్లో, పెద్దవంగర దగ్గర ఒక అవ్వ తన ఇంటి వెనక చేనులో తీతువు పిట్ట గుడ్లు పెట్టిందని కబురు చేసింది. ఆమె మనవరాలి పెళ్లికి ఫోటోలు తీసింది నేనే. ఆ రోజు భోజనాల బంతిలో కూర్చొని కూడా పిట్టల ముచ్చటే చెబుతుంటే ఆమె విన్నది. తీతువు గూడు కట్టదు. మట్టిపెళ్లల నడుమ, ఉత్త నేల మీద నాలుగు గుడ్లు పెడుతుంది. అది అరిస్తే కీడని తరిమేసేవాళ్లే ఎక్కువ. అవ్వ మాత్రం ఆ గుడ్ల చుట్టూ నాలుగు పత్తికట్టెలు పాతి, వాటిని తప్పించి దున్నమని ట్రాక్టర్ అతనికి చెప్పింది. ఎర్రటి దుక్కి మధ్య మంచమంత చోటు మిగిలింది. గుడ్లు పిల్లలై వెళ్లిపోయాక అంతమేరా పారతో తానే తవ్వుకుంటానంది.

ఎండవేళ తీతువు నీళ్లలో పొట్ట తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఆ చల్లదనం లేకపోతే గుడ్లు లోపలే ఉడికిపోతాయి. అట్లా తడి పొట్టతో వచ్చే పిట్ట ఫోటో ఒక్కటి తీయాలని నాకు ఏళ్లనాటి కోరిక.

మట్టిరంగు గుడ్డ కప్పుకొని పది అడుగుల దూరంలో పడుకున్నాను. ఇంకా వెనక్కి జరగాలని నాకు తెలుసు. జరిగితే పొట్ట నుంచి రాలే నీటిచుక్క కనబడదు. అందుకే జరగలేదు. పిట్ట బోరు కాలువలో పొట్ట తడుపుకొని పరుగున వచ్చింది. గుడ్లకు రెండడుగుల దూరంలో నన్ను పసిగట్టి ఆగిపోయింది. అరిచింది. నీళ్లన్నీ చుక్కలు చుక్కలుగా నేలపాలయ్యాయి. మళ్లీ కాలువకు పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ అక్కడే ఆగింది. అది ఆగినప్పుడల్లా నాకు పండగే. పొద్దు వాలేదాకా తీశాను. మర్నాడూ వెళ్లి తీశాను. నేనేం గుడ్లు ముట్టలేదు కదా, పిట్టను తరమలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

వారం తర్వాత వెళితే పిట్టలు లేవు. గుడ్లున్నాయి. ఒకటి పగిలి, దానికి చీమలు పట్టాయి. అంతలో అవ్వ ఇంట్లోంచి వస్తూ కనబడింది. ఆమె గట్టు ఎక్కేలోపు నాలుగింటినీ పక్కనున్న తుమ్మ పొదలోకి విసిరేశాను. పిల్లలయినయా అని అడిగింది. తీతువు పిల్లలు పుట్టిన నాడే నడక మొదలుపెడతాయి కాబట్టి నా అబద్ధం సులువుగా అతికింది. అయినయి, తల్లి వెంట పోయినయి అన్నాను. ఆమె సంబరంగా పత్తికట్టెలు పీకి చంకన పెట్టుకుంది. పొయ్యిలోకి కట్టెలు ఆ తుమ్మ పొదలోనే ఏరుకుంటుందని నాకు అప్పుడు తట్టలేదు.

చుక్కలు రాలుతూ ఆగిన ఆ పిట్ట ఫోటోకు హైదరాబాద్‌లో ఒక ప్రదర్శనలో బహుమతి వచ్చింది. దానికి 'అమ్మ' అని పేరు పెట్టింది కూడా నేనే. చూసినవాళ్లంతా తల్లి ప్రేమంటే ఇదీ అన్నారు. చేతులు కట్టుకొని విన్నాను. సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది. బహుమతి మాత్రం వద్దనలేదు. అదే ఫోటో ఇంకొకటి ఫ్రేము కట్టించి అవ్వకు ఇచ్చాను. ఆమె దాన్ని వెలుతురుకు పట్టుకొని చాలాసేపు చూసింది.

"గుడ్ల మీద కూసోక గిట్లెందుకు నిలవడ్డది బిడ్డా?" అంది.

అంతమంది చూశారు గానీ ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. నీళ్లు తెచ్చింది కదా అవ్వా అని ఏదో గొణిగాను. ఆమె ఫ్రేమును తీసుకెళ్లి గోడకు తగిలించింది.

నిరుడు గానీ ఈ ఎండాకాలం గానీ ఆమె నుంచి కబురు రాలేదు. నేనే వెళ్లాను. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే బస్సెక్కాను. అయినా కెమెరా సంచి తెచ్చుకున్నాను, అదీ నా బుద్ధి. అవ్వ వెనక వాకిట్లో మంచం వాల్చి చాయ్ ఇచ్చింది. మా పిల్లల బాగోగులు అడిగింది. ఫోటో గోడకే ఉంది. చెప్పాల్సిన మాట నాలుక దాకా వచ్చింది. తీరా నోరు తెరిస్తే, ఈసారి తీతువు గుడ్లు పెట్టిందా అవ్వా అన్నాను.

ఆమె నా సంచి వంక చూసింది.

"పెట్టలే బిడ్డా. ఈసారి ఈ దిక్కే రాలే."

ఆమె వెనకాల చేను కనబడుతోంది. కొత్తగా దున్నిన ఎర్రమట్టి మధ్య మంచమంత చోటు మిగిలి ఉంది. నాలుగు మూలలా నాలుగు పత్తికట్టెలు. నడుమ పిట్ట కూర్చొని ఉంది.

అట్లనా అవ్వా అన్నాను. చాయ్ తాగి, సంచి భుజానేసుకొని, మళ్లీ అటు చూడకుండా రోడ్డెక్కాను.