పట్టంటే పోగు, సాటిన్ అంటే నేత

మా పెద్దమ్మ నోట్లో పిన్నులు పెట్టుకుని పనిచేసే మనిషి కాబట్టి, ఇరవై రెండేళ్ళు ఒక బట్టల కొట్టులో కుట్టుపని చేస్తూ నోరు విప్పకుండా నెట్టుకొచ్చింది. విప్పిన రోజున ఉద్యోగం ఊడింది.

ఆ రోజు ఒకావిడ గౌనుకి కొలతలిస్తూ, ఇది పట్టేనా అని అడిగింది. సాటిన్ అంటేనే పట్టండీ, పేరే తేడా అన్నాడు యజమాని. పెద్దమ్మ పిన్నులు తీసి, పట్టు అనేది పోగు పేరనీ, సాటిన్ అనేది నేత పేరనీ, పట్టుపోగుతో నేస్తే పట్టు సాటిన్, నైలానుతో నేస్తే నైలాను సాటిన్ అవుతుందనీ, ఇది నైలానేననీ ఉన్నమాట చెప్పింది. ఆవిడ బట్ట వదిలేసి వెళ్ళిపోయింది. ఆ మహానుభావుడు పనివాళ్ళందరినీ పిలిచి మరీ, "ఈవిడకి గుడ్డల గురించి ఓనమాలు కూడా తెలీవు," అని పెద్దమ్మను గెంటేశాడు. అంతటితో ఊరుకున్నాడా? ఆ వీధిలో ప్రతి కొట్టుకూ తిరిగి అదే మాట మోశాడు. ఎవ్వరూ పని ఇవ్వలేదు. చేతిలో అంత విద్య పెట్టుకుని ఆవిడ దిండు గలీబులు కుట్టుకుంటూ కూర్చుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆవిడకి నాకన్నా ఎక్కువే మండింది, కాకపోతే చప్పుడు చేయలేదు. వాడి కొట్టుకు సరిగ్గా ఎదురుగా, చెప్పులు కుట్టే అతని పక్కన కాస్త జాగా అడిగి పీట వేసుకుంది. సంచులతో బయటికొచ్చినవాళ్ళను పిలిచి, బట్ట అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించేది. పట్టయితే వెంట్రుక కాలిన కంపు, చిదిపితే బూడిద. నైలానైతే కరిగి గట్టి పూస. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడేది కాదు. ఆ పూస పట్టుకుని జనం నేరుగా మళ్ళీ కొట్టులోకే పోయేవారు. లోపలి కేకలు రోడ్డు మీదికి వినపడేవి. నాకు ప్రాణం లేచొచ్చేది.

మూడో నెలలో యజమాని రోడ్డు దాటి వచ్చాడు. మళ్ళీ పనిలోకి రమ్మన్నాడు. పని అక్కర్లేదు, నన్నన్న మాట ఆ పనివాళ్ళ ముందే వెనక్కి తీసుకోండి అంది పెద్దమ్మ.

ఆవిణ్ణి కొట్టులోకి తీసుకెళ్ళి, మిషన్లన్నీ ఆపించి, నేల చూపులు చూస్తూ ఏదో గొణిగాడు. గట్టిగా అనమంది.

"తప్పు నాదే. సాటిన్ అంటే నేత. పట్టు అని అబద్ధం చెప్పి అమ్మాను."

పెద్దమ్మ అందరి మొహాలూ ఒకసారి చూసుకుని గుమ్మం దిగింది. వాడు వెనకే వచ్చాడు.

"రేపట్నుంచి ఆ పీట తీసేస్తావు కదమ్మా?"

"తీసేస్తానని నేనెప్పుడు అన్నానండీ?" అంది పెద్దమ్మ, పీట దగ్గర సంచితో ఎదురుచూస్తున్న మనిషి వైపు నడుస్తూ.