వెనక స్పీకర్‌లో రాజమ్మ గొంతు

దయ్యాల మాటెత్తితే నేను నవ్వేవాణ్ణి. పాతికేళ్ళు వేలూరులో యాంప్లిఫైయర్లు బాగుచేశాను. పెట్టె లోపల ఏ వింత శబ్దం వచ్చినా, మూత విప్పితే కారణం దొరికేది. ఈ ఒక్కదానికి దొరకలేదు.

తొంభైల చివర్లో, విదేశీ సామాను మన ఊళ్ళలోకి వస్తున్న రోజులు. గుడియాత్తం నుంచి మునిరత్నంగారు నా అంగడికి వచ్చారు. మేస్త్రీగా మొదలై ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు అయిన మనిషి. ముందటేడు ఆయన భార్య రాజమ్మ పోయింది.

"సింగపూరు నుంచి తెప్పించిన హోమ్ థియేటరప్పా. రాజమ్మ పాడిన క్యాసెట్టు పెడితే పాట ముందర స్పీకర్లో వస్తాది. వెనక స్పీకర్లో ఆమె మాట్లాడతా ఉండాది. వచ్చి చూడు" అన్నారు.

ఆదివారం వెళ్ళాను. పెద్ద హాలు, ఆయనొక్కరే. మనవడి కోసం రాజమ్మ పాడిన జోలపాట అది. పాత టేప్ రికార్డర్లో, ఒకే మైకుతో తీసింది.

ఆ హోమ్ థియేటర్లోని ప్రాసెసర్ అనే పెట్టె క్యాసెట్టు శబ్దాన్ని అంకెలుగా మార్చి, స్పీకర్లకు పంచి, మళ్ళీ శబ్దంగా మారుస్తుంది. వెనక స్పీకర్లకు పోయేది ఎడమ, కుడి శబ్దాల మధ్య తేడా మాత్రమే. ఒకే మైకు కాబట్టి రెండూ ఒకటే. తేడా సున్నా. వెనక ఏమీ వినబడకూడదు.

మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, పాట కాస్త ఆగిన చోట, నా వీపు వెనక, పాటలోని గొంతే వినబడింది.

"ఏమయ్యా, గొడుగు తీసుకున్యావా?"

మునిరత్నంగారు తల తిప్పకుండానే "తీసుకున్యాలే" అన్నారు.

హెడ్‌ఫోన్లు నేరుగా టేప్ డెక్కుకే పెట్టి క్యాసెట్టంతా విన్నాను. పాట తప్ప ఏమీ లేదు. ప్రాసెసర్ మూత విప్పి, వెనక ఛానెల్లో అంకెల్ని శబ్దంగా మార్చే చిప్పు దగ్గర మీటరు పెట్టాను. సూది కదల్లేదు. అయినా మాట వచ్చింది.

చిప్పు మార్చి చూద్దామన్నాను.

"వద్దు నాయనా. చెడిపోయుంటే అట్లే ఉండనీ. నాకేం పిచ్చి పట్టలేదు గదా, అది చెప్పు చాలు."

నాకూ వినబడిందన్నాను. ఆయన చాలాసేపు కండువాలో మొహం దాచుకున్నారు.

నాలుగు రోజులు ఇమ్మని బతిమాలి, మెషీనూ స్పీకర్లూ క్యాసెట్టూ వేలూరు తెచ్చుకున్నాను. మూడు రోజులు వెనక స్పీకర్లు పలకలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం క్యాసెట్టు తిరుగుతుండగా మెస్ నుంచి తెచ్చుకున్న క్యారియర్ విప్పాను.

"ఒక్కడివే తింటా ఉండావా నాయనా?"

నేను పెళ్ళి చేసుకోలేదు. ఆ ఊళ్ళో నన్ను అలా అడిగేవాళ్ళెవరూ లేరు. "అవునమ్మా" అన్నాను. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రమే అన్నీ తిరిగి ఇచ్చేశాను. "నీ అంగట్లో ఏమన్నా మాట్లాడిందాప్పా?" అని అడిగారు. లేదన్నాను. ఆయన మొహం తేలికపడింది.

"ఇల్లు ఇడిసి యాడికీ పోదులే ఆమె" అన్నారు.

సున్నా ఉండాల్సిన చోట ఆ మాట ఎలా పుట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. నన్నెందుకు అడిగిందో అంతకన్నా తెలియదు.