షహానియా అవతల చైనా పులుసు

శుక్రవారం ఉదయం పదకొండింటికి దోహా బస్టాండుకి చేరేసరికి మల్లేశం నాకు కిటికీ పక్క సీటు ఆపి ఉంచాడు. సైటులో క్రేనుకి చేతి సైగలు చేసే పని అతనిది, ఊరు జగిత్యాల దగ్గర. నేను కాకినాడవాణ్ణి, అదే సైటులో సేఫ్టీ ఆఫీసర్ని. గ్యాస్ డబ్బుతో దోహాలో మేడల మీద మేడలు లేస్తున్న రోజులవి. దొరికే ఒక్క సెలవునీ నిద్రకి వాడుకోకుండా ఎడారికి బయల్దేరిన తెలివైనవాళ్ళం మేమిద్దరమే.

కారణం చెన్. మా క్రేన్ ఆపరేటర్, చైనాలో చోంగ్‌చింగ్ అనే కొండల నగరంవాడు. నెల కిందట క్రేను దింపిన ఇనుప కడ్డీల కట్ట నీళ్ళ ట్యాంకు మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ట్యాంకు మాత్రం పోయింది. ఆపరేటర్ సైగ చూసుకోలేదని రిపోర్టు రాసింది నేనే. కంపెనీ అతన్ని పడమటి తీరంలో ఓ మారుమూల పల్లెకి, రోడ్డు పనికి పంపేసింది. అయినా ఫోన్ చేసి తన ఊరి హాట్‌పాట్ అనే పులుసు తినడానికి రమ్మన్నాడు. సంగతి తెలిసి మల్లేశం తనూ వస్తానని పట్టుబట్టాడు.

పన్నెండు దాటాక ఒంటెల పందేలకి పేరుపడ్డ షహానియా ఊరు వచ్చింది. రోడ్డు పక్కన దుప్పట్లు కప్పుకున్న ఒంటెలు మాకంటే దర్జాగా నడుస్తున్నాయి. వాటిని చూస్తూనే మల్లేశం మెల్లగా అన్నాడు:

"సార్, ఆ దినం నేను ఆపుమని సైగ చెయ్యలే. దింపుమని చేసిన. తప్పు నాదే."

"నెల రోజుల్నించీ ఎందుకు చెప్పలేదయ్యా?"

"పని పోతదని భయమైంది. ఇయ్యాల చెన్‌కే చెప్త. హిందీల బట్టీ పట్టిన."

నా ఆకలి చచ్చిపోయింది. రిపోర్టు కింద సంతకం నాది కదా.

ఒంటిగంటకి మలుపు దగ్గర దిగితే చెన్ పికప్‌తో వచ్చాడు. పల్లె అంటే ఇరవై ఇళ్ళు, ఓ మసీదు, ఇసుకలోకి లాగిన నాలుగు పడవలు. అతని గది ముందు గ్యాస్ పొయ్యి మీద వెడల్పాటి గిన్నె, అందులో ఎర్రగా మరిగే పులుసు. దానిమీద ఎండుమిరపకాయలు తెప్పలుగా తేలుతున్నాయి.

"మా ఊళ్ళో ఆవు కొవ్వుతో చేస్తాం. మీకోసం నూనెతో చేశాను," అన్నాడు చెన్ వచ్చీరాని హిందీలో.

పద్ధతి సులువు. చేప, కోడి, క్యాబేజీ, సొరకాయ ముక్కలు ఎవరివి వాళ్ళు పులుసులో ముంచి, ఉడికాక తీసి, వెల్లుల్లి కలిపిన నువ్వుల నూనెలో అద్దుకుని తినాలి.

"మా దిక్కు కారం ముందల ఇదెంత సార్," అంటూ మల్లేశం పులుసులోంచి మిరియాల్లాంటి గింజల్ని గరిటెడు తీసుకుని నమిలాడు. అవి కారం కాదు, నోటిని మొద్దుబార్చే గింజలు. నిమిషంలో అతని పెదాలు అతనివి కాకుండా పోయాయి. సరిగ్గా అప్పుడే బట్టీ పట్టిన మాట గుర్తొచ్చింది.

"చెన్ భాయ్, విస్టేక్ వేరా..." అని ఆగిపోయి, పెదాలు రుద్దుకున్నాడు. 'మిస్టేక్ మేరా' అందామంటే 'మ' పలకడానికి పెదాలు కలవడం లేదు. కళ్ళలో నీళ్ళు. కారానికో, సిగ్గుకో చెప్పలేను.

చెన్ గరిటె ఆపలేదు.

"నాకు తెలుసు. దింపమన్నావు, దింపాను. చెప్తే నిన్ను ఇంటికి పంపేస్తారు. నన్ను పంపరు, క్రేను నడిపేవాళ్ళు దొరకరు." నా వైపు తిరిగి, "రిపోర్టు మార్చకండి సార్. మళ్ళీ దోహా రమ్మంటారు. ఇక్కడ సముద్రం ఉంది, ఫోర్‌మన్ లేడు," అన్నాడు.

నవ్వాలో బాధపడాలో తెలీక నేను మరో చేపముక్క ముంచాను.

నాలుగున్నరకి తిరుగు బస్సు. షహానియా వచ్చేసరికి మల్లేశానికి నోరు తిరిగింది.

"నా పేరు రాయుండ్రి సార్. ఏమైతే అదైతది."

ఆ వారం కొత్త రిపోర్టు రాశాను. మల్లేశానికి వార్నింగ్ కాగితం వచ్చింది, పని మిగిలింది. చెన్‌ని వెనక్కి పిలిస్తే రానన్నాడు.

ఎవరైనా వెళ్తే శుక్రవారమే వెళ్ళండి, ఆ గింజల జోలికి మాత్రం పోకండి. నాకు గుర్తున్నది కారం కాదు. ఆ రోజు తిరుగు బస్సులో నెమరేసుకుంటుంటే తట్టింది: అంతా తెలిసిన చెన్, మేము కూర్చున్న దగ్గర్నించీ బాగా ఉడికిన ముక్కలన్నీ ఏరి మల్లేశం గిన్నెలోనే వేస్తూ వచ్చాడు.